ఉక్కును చెక్కే నల్ల పుల్ల: స్పార్క్ మెషిన్‌లోకి గ్రాఫైట్ ఎలా వచ్చింది?

ఈరోజు ముందుగా మీతో ఒక చిన్న పని చేయిస్తాను. మీ ఫోన్ చార్జర్ ఒకసారి చేతిలోకి తీసుకోండి. దాని ఒంటి మీద నున్నగా మెరవకుండా, కాస్త గరుకుగా ఉండే చోటు ఏదైనా ఉంటే అక్కడ గోరుతో రాయండి. సన్నగా శబ్దం వస్తుంది కదా? ఆ గరుకు ప్లాస్టిక్‌కి పుట్టుకతో వచ్చింది కాదు. వేడి ప్లాస్టిక్‌ని ఏ ఉక్కు అచ్చులోకి నొక్కారో, ఆ అచ్చుది. అచ్చు మీద లక్షల కొద్దీ నిప్పురవ్వలు పడి, ఒక్కో రవ్వ ఒక్కో చిన్న గుంట చేసి పోయింది. ఆ గుంటల ముద్రే మీ గోటికి తగిలింది. అన్ని చార్జర్లూ ఇలాగే చేస్తారని అనను, కొన్ని అచ్చులకి ఆ గరుకు యాసిడ్‌తో తెస్తారు. కానీ చాలా వాటికి ఇదే దారి.

ఆ నిప్పురవ్వలు పుట్టించే మెషిన్ పేరు ఎలక్ట్రికల్ డిశ్చార్జ్ మెషిన్, పొట్టిగా ఈడీఎం. మన హైదరాబాద్ బాలానగర్ టూల్ రూముల్లో అంత పొడుగ్గా ఎవరూ అనరు. స్పార్క్ మెషిన్ అంటారు, అంతే. నేనూ అలాగే అంటాను.

వజ్రాన్ని వజ్రంతోనే కొయ్యాలని పెద్దలు అంటారు. గట్టిదాన్ని కొయ్యాలంటే అంతకన్నా గట్టిది కావాలి, మన బుర్రలో ఉండే లెక్క ఇదే. ఈ మెషిన్‌లో ఆ లెక్క తలకిందులు అవుతుంది. గట్టిపరిచిన ఉక్కును ఇక్కడ చెక్కేది గ్రాఫైట్. అంటే మీ పెన్సిల్ లోపల ఉండే నల్ల పుల్లకి దగ్గరి చుట్టం. గోటితో గీస్తే గీత పడే పదార్థం.

ఎలా? అచ్చులో ఏ ఆకారం గుంటగా కావాలో, ఆ ఆకారాన్ని గ్రాఫైట్‌తో బొడిపెలా చేస్తారు. దాన్నే ఎలక్ట్రోడ్ అంటారు. ఉక్కు దిమ్మెనీ ఎలక్ట్రోడ్‌నీ నూనెలో ముంచి రెండిటికీ కరంటు ఇస్తారు. రెండూ తాకవు. మధ్యలో వెంట్రుక మందం కన్నా తక్కువ సందు ఉంటుంది. ఆ సందులో నూనెను చీల్చుకుని స్పార్క్ దూకుతుంది. దూకిన చోట వేడి వేల డిగ్రీల్లో ఉంటుంది. ఉక్కు చిటికెడు కూడా కాదు, కంటికి కనపడనంత కరిగి, నూనెలో చల్లబడి, చిన్న గోళీలా కొట్టుకుపోతుంది. ఇలా సెకనుకి వేల సార్లు. ఎలక్ట్రోడ్ మెల్లగా కిందికి దిగుతుంటే, దాని ఆకారమే ఉక్కులో గుంటగా దిగుతుంది. తిరిగే కట్టర్‌తో ఈ పని ఎందుకు చేయరంటే, కట్టర్ గుండ్రం కాబట్టి లోపలి మూల ఎప్పుడూ గుండ్రంగానే మిగులుతుంది. పదునైన మూల, లోతైన సన్నటి గాడి కావాలంటే స్పార్కే దిక్కు.

ఇక్కడ తెలివైన వాళ్ళకి ఒక డౌట్ రావాలి. స్పార్క్‌కి రెండు కొసలు ఉంటాయి కదా, ఉక్కు కరిగితే ఎలక్ట్రోడ్ ఎందుకు కరగదు? కరుగుతుంది. ఈ మెషిన్ చరిత్ర మొత్తం ఈ ఒక్క తగాదానే అండి. ఎవరు ఎక్కువ అరగాలి, ఎవరు తక్కువ అరగాలి.

కథలోకి వెళ్ళేముందు ఒక పక్క మాట. మీరు గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ అని వెతికితే ముందు కనిపించేది ఇది కాదు, స్టీల్ ప్లాంట్లలో తుక్కు ఇనుము కరిగించే ఆర్క్ ఫర్నేస్‌లో వాడే పెద్ద పెద్ద దుంగలు. 2017-18లో వాటి ధర ఆకాశానికి పోయి, షేర్ మార్కెట్ మిత్రులందరికీ ఒక్కసారిగా గ్రాఫైట్ గుర్తొచ్చింది. అది వేరే సరుకు. పేరు ఒకటే, జాతి వేరు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

సరే, మొదటి నుంచి వద్దాం. విద్యుత్తు స్పార్క్ లోహాన్ని తింటుందని 18వ శతాబ్దంలోనే ఇంగ్లాండ్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ గమనించాడు. ఆక్సిజన్ కథలో వచ్చే ప్రీస్ట్లీనే. గమనించాడు, రాసుకున్నాడు. ఆ తర్వాత సుమారు 170 ఏళ్ళు ఇంజనీర్ల దృష్టిలో అదొక జబ్బు. స్విచ్చుల కాంటాక్టులు మాడిపోవడం, గుంటలు పడటం. దాన్ని ఎలా ఆపాలి అన్నదే అందరి ప్రశ్న.

1943, మాస్కో. యుద్ధం మధ్యలో ఉన్నారు. బోరిస్ లజరెంకో, నటాల్యా లజరెంకో, భార్యాభర్తలు, ఇద్దరూ శాస్త్రవేత్తలు. వాళ్ళకి అప్పగించిన పని కూడా ఈ జబ్బుకి మందు కనిపెట్టడమే. ఇంజిన్ల ఇగ్నిషన్‌లో టంగ్‌స్టన్ కాంటాక్టులు ఉంటాయి. కాంటాక్టు తెరుచుకున్న ప్రతిసారీ స్పార్క్, ప్రతి స్పార్క్‌కీ కొంచెం అరుగుదల. యుద్ధంలో ఉన్న దేశానికి అది చిన్న విషయం కాదు, ఇంజిన్ మొరాయిస్తే బండి ఆగిపోతుంది. వీళ్ళు రకరకాలుగా ప్రయత్నించి, కాంటాక్టుల్ని నూనెలో ముంచి చూశారు. అరుగుదల ఆగలేదు. కానీ గాలిలో అడ్డదిడ్డంగా జరిగే అరుగుదల నూనెలో ఒక పద్ధతిగా, సమంగా, ముందే లెక్క వేయగలిగేలా జరిగింది.

నాకు ఈ కథలో బాగా నచ్చే చోటు ఇదే. ఇచ్చిన పని ప్రకారం వాళ్ళు ఫెయిల్. అరుగుదల ఆగలేదు అని రిపోర్టు రాసి ఇంటికి పోవచ్చు. వాళ్ళు ప్రశ్నని తిప్పేశారు. సమంగా తింటోందంటే, మనం చెప్పిన చోట తినిపించొచ్చు కదా? ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్‌తో చాలా సులువైన సర్క్యూట్ కట్టారు. కెపాసిటర్ నిండుతుంది, సందులోంచి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, మళ్ళీ నిండుతుంది. మన ఇంట్లో ట్యాంకు నిండగానే బొళుక్కున ఒంపేసినట్టు. దానితో ఎంత గట్టి లోహంలో అయినా రంధ్రం పడింది. 1946లో వాళ్ళిద్దరికీ స్టాలిన్ బహుమతి వచ్చింది. ఆ సర్క్యూట్‌ని ఈరోజుకీ లజరెంకో సర్క్యూట్ అనే పిలుస్తారు. పేరులో భార్య కూడా ఉందని చాలామంది మర్చిపోతారు, అది వేరే విషయం.

దాదాపు అదే కాలంలో అమెరికాలో హెరాల్డ్ స్టార్క్, విక్టర్ హార్డింగ్, జాక్ బీవర్ అనే ముగ్గురు ఇంజనీర్లు ఇంకో దారిలో ఇక్కడికే వచ్చారు. వాళ్ళ బాధ మరీ మామూలుది. అల్యూమినియం భాగాల్లో మర వేస్తుంటే ట్యాపులు విరిగి లోపలే ఇరుక్కునేవి. వర్క్‌షాపులో పనిచేసిన ఎవరినైనా అడగండి, ట్యాప్ విరిగిన శబ్దం విన్నప్పుడు గుండెల్లో ఏమవుతుందో చెప్తారు. ఆ ముక్కని స్పార్కులతో తినేయించి, భాగాన్ని బతికించడం వాళ్ళ కనిపెట్టుడు. ఆ తర్వాత 1950ల్లో స్విట్జర్లాండ్ కంపెనీలు దీన్ని సరైన మెషిన్‌గా తయారుచేసి మార్కెట్‌కి తెచ్చాయి.

ఇంతవరకూ ఎలక్ట్రోడ్లు ఎక్కువగా ఇత్తడి, రాగి. అరుగుదల మాత్రం ఘోరం. ఒక గుంట చెయ్యడానికి ఒకటికి నాలుగు ఎలక్ట్రోడ్లు చేసుకుని, ఒకటి అరగగానే ఇంకోటి పెట్టాల్సి వచ్చేది.

ఇప్పుడు గ్రాఫైట్‌ని పిలుద్దాం. దాని జాతకం కూడా కొంచెం చెప్పాలి. ఇంగ్లాండ్ ఉత్తరాన బారోడేల్ అనే లోయలో 16వ శతాబ్దంలో స్వచ్ఛమైన గ్రాఫైట్ దొరికింది. గొర్రెల కాపరులు గొర్రెల మీద గుర్తులు పెట్టుకోవడానికి వాడారు. తర్వాత ఫిరంగి గుండ్లు పోసే అచ్చులకి లోపల పూతగా పనికొస్తుందని తెలిసింది. దాంతో దాని విలువ ఎంత పెరిగిందంటే, గని చుట్టూ కాపలా పెట్టారు, దొంగతనం చేస్తే కఠినంగా శిక్షించేలా 1752లో పార్లమెంటు చట్టమే చేసింది. అచ్చులతో దీనికి అప్పటి నుంచే చుట్టరికం ఉందన్నమాట. అయితే అదంతా అప్పట్లో సీసంలో ఒక రకం అనుకున్నారు. అది కార్బన్ అని తేల్చింది స్వీడన్‌లో పనిచేసిన షీలే, 1779లో. గ్రాఫైట్ అని పేరు పెట్టింది జర్మన్ ఖనిజశాస్త్రవేత్త వెర్నర్, 1789లో. గ్రీకులో రాయడం అనే మాట నుంచి.

మన తూర్పు కనుమల్లో గ్రాఫైట్ ఉంది కదా, అదే వాడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఉంది, నిజమే. విశాఖ వైపు కొండల్లో ఖోండలైట్ అనే రాయి ఉంటుంది, కోందు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు, అందులో గ్రాఫైట్ పొరలు కనిపిస్తాయి. కానీ గనిలో దొరికే గ్రాఫైట్ రేకులు రేకులుగా ఉంటుంది. స్పార్క్ మెషిన్‌కి కావాల్సింది ఎటువైపు చూసినా ఒకేలా, సన్నటి రేణువులతో గట్టిగా కుదురుకున్న దిమ్మె. అది భూమిలో దొరకదు, కొలిమిలో చెయ్యాలి.

ఆ కొలిమి దారి చూపించింది ఎడ్వర్డ్ అచెసన్. ఎడిసన్ దగ్గర పనిచేసి బయటికొచ్చిన మనిషి. 1891లో కార్బొరండం కనిపెట్టాడు. కత్తులు నూరే సానరాళ్ళలో వాడతారు కదా, అదే. ఆ కార్బొరండాన్ని మరీ ఎక్కువ వేడి చేసినప్పుడు అందులోని సిలికాన్ ఆవిరై పోయి, అచ్చమైన గ్రాఫైట్ మిగిలింది. ఈ దారికి 1896లో పేటెంట్ తీసుకున్నాడు. నయాగరా జలపాతం దగ్గర చవగ్గా కరంటు దొరికేది కాబట్టి ఫ్యాక్టరీ అక్కడ పెట్టాడు. దాదాపు 3000 డిగ్రీల దాకా వేడి చెయ్యాలంటే కరంటే పెట్టుబడి మరి.

అంటే చూడండి, లజరెంకో దంపతుల నాటికే కృత్రిమ గ్రాఫైట్ వచ్చి యాభై ఏళ్ళు. దాని గుణాలు కూడా తెలుసు. రాగి 1085 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. గ్రాఫైట్ మామూలు గాలి ఒత్తిడిలో అసలు కరగదు. సుమారు 3600 డిగ్రీల దగ్గర నేరుగా ఆవిరవుతుంది. వేడెక్కేకొద్దీ బలం తగ్గాల్సింది పోయి, ఒక హద్దు వరకూ ఇంకా పెరుగుతుంది. బరువు రాగిలో అయిదో వంతు. 10 కిలోల రాగి ఎలక్ట్రోడ్ అదే సైజులో గ్రాఫైట్‌తో చేస్తే 2 కిలోలే. మరి మొదటి నుంచీ అదే ఎందుకు రాజ్యమేలలేదు?

ఎందుకంటే స్పార్క్ మన మాట వినే స్థితిలో లేదు. దీనికి నేను బాలానగర్ సిగ్నల్ ఉదాహరణ చెప్తాను. గ్రీన్ పడగానే ముందు దూసుకెళ్ళేవి బైకులు. లారీలు గేర్లు మార్చుకుంటూ తాపీగా కదులుతాయి. స్పార్క్‌లో కూడా రెండు రకాల బండ్లు ఉంటాయి. ఎలక్ట్రాన్లు బైకులు, అవి ప్లస్ వైపు వెళ్తాయి. అయాన్లు లారీలు, అవి మైనస్ వైపు వెళ్తాయి. గ్రీన్ కొద్దిసేపే ఉంటే బైకులే దాటుతాయి, అంటే దెబ్బ ప్లస్ వైపు పడుతుంది. గ్రీన్ ఎక్కువసేపు ఉంటే లారీలు కూడా చేరి, మైనస్ వైపు గట్టిగా గుద్దుతాయి. లెక్క ఇంత సింపుల్‌గా ఉండదు గానీ, దారి ఇదే.

లజరెంకో సర్క్యూట్‌లో గ్రీన్ ఎంతసేపు ఉండాలో విడిగా పెట్టుకునే వీలు లేదు. ట్యాంకు ఒంపితే ఒంపినట్టే. 1960ల్లో ట్రాన్సిస్టర్ జనరేటర్లు వచ్చాయి. స్పార్క్ ఎన్ని మైక్రోసెకన్లు వెలగాలి, తర్వాత ఎన్ని మైక్రోసెకన్లు ఆగాలి, రెండూ వేర్వేరుగా నాబ్ తిప్పి పెట్టుకోవచ్చు. అప్పుడు గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌ని ప్లస్‌కి కలిపి, పల్స్‌ని పొడుగ్గా పెట్టి చూస్తే ఒక తమాషా జరిగింది. ఉక్కు అరుగుతోంది, ఎలక్ట్రోడ్ దాదాపు అరగడం లేదు. పైగా స్పార్క్ వేడికి నూనె విరిగి, అందులోని కార్బన్ వచ్చి ఎలక్ట్రోడ్ మీదే పూతలా పేరుకుంటోంది. పోయిన చోట మళ్ళీ నిండుతోంది. మోటు పనిలో ఉక్కు 100 పాళ్ళు పోతే ఎలక్ట్రోడ్ 1 పాలు కూడా పోని స్థితి వచ్చింది. నో వేర్ అని పేరు పెట్టారు. పాత పదార్థానికి కొత్త యోగ్యత వచ్చింది, పదార్థం ఏమీ మారకుండానే.

ఆ తర్వాత మారింది కూడా. ఇక్కడ టెక్సస్‌లోని పోకో అనే కంపెనీ గురించి చెప్పాలి. మీ ఫోన్ పోకో కాదండి బాబూ, దీనికీ దానికీ సంబంధం లేదు. ఇది ప్యూర్ ఆయిల్ కంపెనీ అనే పేరులోంచి పుట్టిన పోకో. ఆయిల్ కంపెనీకి గ్రాఫైట్‌తో ఏం పని అంటారా? ముడి చమురు శుద్ధి చేశాక అడుగున మిగిలే పెట్రోలియం కోక్ దీనికి ముడిసరుకు. దాన్ని పిండి కన్నా మెత్తగా పొడి చేసి, తారు లాంటి పిచ్‌తో కలుపుతారు. మళ్ళీ పొడి చేసి, ఇప్పుడు ఎక్కువమంది వాడే పద్ధతిలో అయితే రబ్బరు సంచిలో పోసి, ద్రవంలో ముంచి, అన్ని వైపుల నుంచీ ఒకే ఒత్తిడితో నొక్కుతారు. లడ్డూని రెండు అరచేతుల మధ్య తిప్పుతూ నొక్కినట్టు, ఒక పక్క గట్టిగా ఇంకో పక్క గుల్లగా రాకూడదు. ఆ దిమ్మెని వారాల తరబడి కాల్చి, చివరికి 3000 డిగ్రీలకి దగ్గరగా తీసుకెళ్తారు. పొడి నుంచి దిమ్మె దాకా నెలలు పడుతుంది. 1970ల్లో జపాన్ కంపెనీలు కూడా ఇలాంటి పెద్ద దిమ్మెలు చెయ్యడం మొదలుపెట్టాయి.

ఎందుకింత శ్రమ? రేణువు సైజే ఈ వ్యాపారం గుట్టు. రేణువు 10 మైక్రాన్లు ఉంటే మామూలు పనికి బాగుంటుంది. 5 మైక్రాన్ల లోపైతే సన్నటి గాళ్ళు, పదునైన మూలలు నిలుస్తాయి. 1 మైక్రాన్ దగ్గరికి వస్తే నగిషీ పనే చెయ్యొచ్చు. ధర కూడా అలాగే పెరుగుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ లాంటి మొండి లోహాలకైతే గ్రాఫైట్ సందుల్లోకి కరిగిన రాగిని ఎక్కించిన రకం వేరే ఉంది.

ఇంత బాగుంటే ప్రపంచమంతా ఇదే వాడాలి కదా. వాడలేదు. అమెరికా గ్రాఫైట్ వైపు వెళ్ళింది, యూరప్, ఆసియా చాలా కాలం రాగిని వదల్లేదు. దీని మీద పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్పేవాళ్ళున్నారు గానీ, నా అభిప్రాయంలో సగం కారణం మసి. గ్రాఫైట్‌ని మిల్లింగ్ చేస్తే సొరగు రాదు, నల్లటి బూడిద లేస్తుంది. ఆ బూడిదకి కరంటు పారుతుంది. మెషిన్ కంట్రోల్ ప్యానెల్‌లోకి దూరితే షార్ట్, స్లైడ్ల మధ్య దూరితే అరుగుదల, మనిషి ఊపిరితిత్తుల్లోకి దూరితే చెప్పక్కర్లేదు. అద్దంలా మెరిసే ఫినిష్ కావాలంటే రాగి ఇప్పటికీ మేలు, అది ఒప్పుకోవాలి. 1990ల్లో వేగంగా తిరిగే మిల్లింగ్ మెషిన్లు, దుమ్ము పీల్చే ఏర్పాటుతో సహా వచ్చాకే అటువైపు కూడా గాలి తిరిగింది. రాగిని కొయ్యాలంటే ముళ్ళలా బర్ మిగులుతుంది, కూర్చుని ఒక్కొక్కటీ గీకాలి. సన్నటి పలక కొస్తే వంగిపోతుంది. గ్రాఫైట్‌కి ఆ రెండు బాధలూ లేవు.

మన దగ్గర కథ రాగితోనే మొదలైంది. బాలానగర్‌లో 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది, ఐక్యరాజ్యసమితి సాయంతో. చుట్టుపక్కల గల్లీల్లో చిన్న చిన్న టూల్ రూములు ఎన్నో. వాటిలో ఒకదాంట్లో నేను డిప్లొమా అయ్యాక కొన్నాళ్ళు ట్రైనీగా ఉన్నాను. పేరు చెప్పను. స్పార్క్ మెషిన్ మీద ఒక అన్న ఉండేవాడు, పదిహేనేళ్ళ అనుభవం. స్పార్క్ చప్పుడు వినే లోపల ఏం జరుగుతోందో చెప్పేవాడు.

ఒకసారి ఓనర్ ఎక్కడి నుంచో గ్రాఫైట్ ముక్కలు చవగ్గా తెచ్చాడు. రాగి ధర మండిపోతోంది, ఇకనుంచి ఇదే వాడు అన్నాడు. ఒక ప్లాస్టిక్ డబ్బా అచ్చులో లోతైన సన్నటి గాడి పని. అన్న రాగికి పెట్టే సెట్టింగులే పెట్టాడు, ఎవరూ వేరేవి చెప్పలేదు మరి. సగం లోతు దిగాక చప్పుడు మారింది. చిటపటలు పోయి, బుస్సుమని ఒకటే మోత. అన్న పరిగెత్తి ఆపేలోపే గాడి అడుగున మాడిపోయిన గుంట. స్పార్కులు ఒక్కో చోట పడకుండా ఒకే చోట మంటలా నిలబడిపోతే ఇలా అవుతుంది. అచ్చు వెల్డింగ్ చేసి మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సి వచ్చింది. అన్న జీతంలో మూడు నెలలు కోత. "బొగ్గును నమ్మితే ఇంతే తమ్ముడూ" అన్నాడు. ఆ షాపులో మళ్ళీ ఎవరూ గ్రాఫైట్ ఊసెత్తలేదు.

నాకు ఆ ముక్క ఒకటి దగ్గరుంది. చాలా ఏళ్ళ తర్వాత మంచి ఈడీఎం గ్రాఫైట్ పక్కన పెట్టి, ఫోన్‌కి తగిలించే చవక లెన్స్‌తో చూశాను. మంచిది పలక బల్లలా నల్లగా, ఒకే రంగు. మాది రవ్వ ఉప్మాలా ఉంది. పెద్ద పెద్ద రేణువులు, మధ్యలో కన్నాలు. మొదట్లో గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, ఆర్క్ ఫర్నేస్ దుంగలు, వాటి తుక్కు ముక్కలా ఉంది అది. ఆ దుంగల్లో రేణువులు పెద్దగానే ఉండాలి, వాటి పనికి అదే సరైనది. ఈ పనికి మాత్రం రేణువు ఊడి సన్నటి సందులో పడితే అదే వంతెన అయి కూర్చుంటుంది, మంట నిలబడిపోతుంది. దానికి తోడు లోతు గాడిలో నూనె సరిగ్గా ఆడలేదు, స్పార్క్‌కీ స్పార్క్‌కీ మధ్య విరామం చాల్లేదు.

అన్నకి ఫోన్ చేసి రెండు ఫోటోలూ వాట్సాప్‌లో పంపాను. ఇప్పుడు ఇంకో షాపులో ఉన్నాడు, అక్కడ గ్రాఫైటే వాడుతున్నారట. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోటో పెద్దది చేసి చూస్తున్నట్టున్నాడు.

"అయితే తప్పు నాది కాదన్నమాట," అన్నాడు. తర్వాత, "మరి ఆ మూడు నెలల కోత ఎవడిస్తాడు తమ్ముడూ?"

నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఎపిసోడ్‌లో వైర్ కట్ మెషిన్ సంగతి చెప్తాను. ఉంటానండి.